కౌంటర్ టికెట్టా, ఫోన్ టికెట్టా? శ్రీకాకుళం రోడ్, విజయనగరం ప్రయాణికులకు రైలు చార్జీల పూర్తి లెక్క

ఆమదాలవలసలోనో (శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్న ఊరు) విజయనగరంలోనో రైలెక్కే చాలామంది ఒకటే అడుగుతున్నారు: "కౌంటర్‌లో కాగితం టికెట్ తీసుకుంటే చవకా, ఫోన్‌లో కొంటే చవకా?" ఒకరు ఫోన్‌లో కొంటే ఎక్కువ పడిందంటారు. ఇంకొకరు తక్కువ పడిందంటారు. ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే వాళ్లు కొన్నవి వేర్వేరు రకాల టికెట్లు.

రైల్వే చార్జీ కౌంటర్‌లోనూ ఫోన్‌లోనూ ఒకటే. తేడా వచ్చేది దాని మీద కలిసే రుసుముల వల్ల, తగ్గే రాయితీల వల్ల. జనరల్ టికెట్‌కు ఫోన్ చవక. రిజర్వేషన్ టికెట్‌కు కౌంటర్ చవక. అయితే రద్దు చేసుకోవాల్సి వచ్చినా, స్టేషన్ దూరమైనా, పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తున్నా ఈ లెక్క తిరగబడవచ్చు. అందుకే వరసగా చూద్దాం.

## 1. ముందు మీ టికెట్ ఏ రకమో తేల్చుకోండి

జనరల్ (అన్‌రిజర్వ్‌డ్) టికెట్ అంటే బెర్త్, సీటు నంబర్ ఉండవు. విజయనగరం నుంచి విశాఖపట్నం, శ్రీకాకుళం రోడ్ నుంచి పలాస, చీపురుపల్లి నుంచి కొత్తవలస లాంటి రోజువారీ ప్రయాణాలు ఎక్కువగా ఇవే. ప్లాట్‌ఫామ్ టికెట్, నెలవారీ సీజన్ టికెట్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

రిజర్వేషన్ టికెట్ మీద పీఎన్ఆర్ నంబర్ ఉంటుంది. సికింద్రాబాద్, చెన్నై, బెంగళూరు, తిరుపతి వెళ్లేవాళ్లు కొనేది ఇదే.

ఈ రెండింటినీ కలిపి "ఆన్‌లైన్ టికెట్" అనడం వల్లే గందరగోళం మొదలవుతుంది. ఫోన్‌లో ఇప్పుడు రెండూ రైల్‌వన్ అనే ఒకే యాప్‌లో దొరుకుతున్నాయి, కానీ వాటి రుసుములు మాత్రం వేరు.

## 2. రైలు రకం చూడండి: అసలు పెద్ద తేడా ఇక్కడే

"నిన్న కౌంటర్‌లో ఇంతే తీసుకున్నారు, ఇవాళ ఫోన్‌లో ఇంత చూపిస్తోంది" అని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది రైలు రకం. కాగితమా ఫోనా అన్నదానితో వచ్చే తేడా తక్కువ దూరంలో రూపాయి, రెండు రూపాయలు. రైలు రకంతో వచ్చే తేడా అంతకు ఎన్నో రెట్లు.

సెకండ్ క్లాస్‌లో కనీస చార్జీ ఆర్డినరీకి (ప్యాసింజర్, మెము రైళ్లు) 10 రూపాయలు, మెయిల్/ఎక్స్‌ప్రెస్‌కు 30 రూపాయలు. సూపర్‌ఫాస్ట్ అయితే సెకండ్ క్లాస్‌లో మరో 15 రూపాయలు, స్లీపర్‌లో 30 రూపాయలు అదనంగా పడతాయి.

జనరల్ టికెట్ కొనేటప్పుడు యాప్‌లో ట్రైన్ టైప్ అనే గడి వస్తుంది. అందులో ఆర్డినరీ, మెయిల్/ఎక్స్‌ప్రెస్, సూపర్‌ఫాస్ట్ అని మూడు ఉంటాయి. తొందరలో దీన్ని చూడకుండా కిందికి వెళ్లిపోతాం. ప్యాసింజర్‌కు ఎక్స్‌ప్రెస్ టికెట్ కొంటే ఊరికే డబ్బు పోతుంది. ఎక్స్‌ప్రెస్‌కు ఆర్డినరీ టికెట్ కొంటే టీటీఈ తేడా కట్టించుకుని, జరిమానా కూడా వేస్తారు. కౌంటర్ టికెట్ మీద కూడా రైలు రకం అచ్చయి ఉంటుంది, కిటికీ దగ్గర నుంచి కదలకముందే చదువుకోండి.

రైలు నంబర్ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది:

- 12, 20, 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్. ఉదాహరణకు ఫలక్‌నుమా (12703, 12704).
- 11, 17, 18 లాంటి వాటితో మొదలైతే మామూలు ఎక్స్‌ప్రెస్. ఉదాహరణకు ప్రశాంతి (18463, 18464).
- 5తో మొదలైతే ప్యాసింజర్, 6తో మొదలైతే మెము. వీటికి ఆర్డినరీ టికెట్ సరిపోతుంది.

ఏ రైలు ముందొస్తే అది ఎక్కేద్దాం అనుకునేవాళ్లు ఆ సమయంలో వచ్చే రైళ్లు ఏవో చూసుకుని, వాటిలో ఎక్కువ చార్జీ ఉన్న రకానికే టికెట్ తీసుకోవాలి. సూపర్‌ఫాస్ట్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చు, మెమూ ఎక్కొచ్చు. ఆర్డినరీ టికెట్‌తో పైరకం రైలు ఎక్కడం కుదరదు.

## 3. జనరల్ టికెట్: ఫోన్‌తో ఎంత తగ్గుతుంది?

జనరల్ టికెట్‌కు ఫోన్‌లో సర్వీస్ చార్జీ లేదు. పైగా ఆర్-వాలెట్ (యాప్‌లో ముందుగా డబ్బు వేసుకునే రైల్వే ఖాతా) నుంచి కడితే 3 శాతం లాభం ఉంటుంది. 2026 జనవరి 14 నుంచి జూలై 14 వరకు రైల్‌వన్‌లో యూపీఐ లాంటి ఇతర డిజిటల్ చెల్లింపులకూ 3 శాతం తగ్గింపు ప్రకటించారు. అందుకని డబ్బు కట్టేముందు చివరి పేజీలో ఎంత చూపిస్తోందో చూడండి, మీరు కట్టేది ఆ అంకె.

30 రూపాయల టికెట్ మీద 3 శాతం అంటే 90 పైసలు. 100 రూపాయల టికెట్ మీద 3 రూపాయలు. ఒక్కసారి చూస్తే చిన్న మొత్తమే. రోజూ విశాఖ వెళ్లొచ్చే ఉద్యోగికి, కాలేజీ పిల్లలకు నెలాఖరుకు కనబడే మొత్తం. దీనికంటే పెద్ద లాభం క్యూ తప్పడం, చిల్లర గొడవ తప్పడం. విజయనగరంలో పండగ రోజుల్లో జనరల్ కౌంటర్ ముందు నిలబడినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఫోన్ వాడటం ఇష్టం లేనివాళ్లకు మధ్యేమార్గం ఉంది. ఏటీవీఎం (మనమే టికెట్ తీసుకునే యంత్రం) ఉన్న స్టేషన్‌లో స్మార్ట్‌కార్డు తీసుకుంటే రీచార్జి మీద 3 శాతం బోనస్ వస్తుంది, టికెట్ కాగితం మీదే వస్తుంది.

ఒక్కసారి చేసుకోవాల్సిన ఏర్పాట్లు

- రైల్‌వన్ యాప్ వేసుకోండి. పాత యూటీఎస్ (జనరల్ టికెట్ల యాప్) లేదా ఐఆర్‌సీటీసీ లాగిన్‌తోనే అందులోకి వెళ్లొచ్చు.
- ఎంపిన్ (యాప్ తెరిచే చిన్న అంకెల కోడ్) పెట్టుకోండి. ప్రతిసారీ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకునే టెన్షన్ ఉండదు.
- ఆర్-వాలెట్‌లో మీకు వారం, పది రోజులకు సరిపడా డబ్బు మాత్రమే వేసుకోండి.
- ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కు అనుమతి ఇవ్వండి.
- మీరు తరచూ వెళ్లే స్టేషన్ల కోడ్‌లు తెలుసుకోండి. విజయనగరం వీజడ్ఎం, విశాఖపట్నం వీఎస్‌కేపీ. శ్రీకాకుళం రోడ్ కోడ్ సీహెచ్ఈ, పాత చికాకోల్ రోడ్ పేరు నుంచి వచ్చింది. చాలామంది ఎస్‌తో వెతికి దొరక్క తికమకపడతారు.

కొనే వరస

మొదట జనరల్ టికెట్ (అన్‌రిజర్వ్‌డ్) తెరవండి. తర్వాత ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ పెట్టండి. ఇక్కడ పేపర్‌లెస్, పేపర్ అని రెండు దారులు కనిపిస్తాయి. పేపర్‌లెస్ అంటే ఫోనే టికెట్. పేపర్ అంటే డబ్బు ఫోన్‌లో కట్టి, టికెట్ స్టేషన్‌లో ప్రింట్ తీసుకోవాలి. ఆ ప్రింట్ లేకుండా రైలెక్కకూడదు.

ఆ తర్వాత ఎంతమంది, ఏ క్లాస్, ఏ రైలు రకం అన్నవి వరసగా నింపండి. చార్జీ చూసి, వాలెట్ లేదా యూపీఐ ఎంచుకుని కట్టండి. చివర్లో షో టికెట్ నొక్కి టికెట్ తెరుచుకుంటోందో లేదో అక్కడే చూసుకోండి.

ఎప్పుడు కొనాలి?

199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్‌కు కొన్న దగ్గర నుంచి 3 గంటలు, లేదా ఆ దారిలో వెళ్లే మొదటి రైలు బయల్దేరే వరకు, ఈ రెండింటిలో ఏది తర్వాత అయితే అప్పటిలోగా ప్రయాణం మొదలుపెట్టాలి. విజయనగరం, శ్రీకాకుళం రోడ్ నుంచి విశాఖ ప్రయాణాలు ఈ కోవలోవే. 200 కిలోమీటర్లు, ఆపైన అయితే 3 రోజుల ముందే తీసుకోవచ్చు.

స్టేషన్ లోపలికి, పట్టాల దగ్గరికి వెళ్లిపోయాక మామూలు పద్ధతిలో పేపర్‌లెస్ టికెట్ రాదు. రైలెక్కాక టీటీఈని చూసి కొనకుండా పెట్టిన అడ్డు ఇది. శ్రీకాకుళం టౌన్ నుంచి వచ్చేవాళ్లకు సులువైన పని ఏమిటంటే, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఆమదాలవలస బస్సెక్కి కూర్చున్నాక టికెట్ తీసుకోవడం. 13 కిలోమీటర్లే కాబట్టి టైమ్ సరిపోతుంది, సిగ్నల్ కూడా ఉంటుంది. స్టేషన్‌కు వచ్చేశాకే గుర్తొస్తే గోడ మీద అంటించిన స్టేషన్ క్యూఆర్ స్కాన్ చేసి కొనొచ్చు.

## 4. రిజర్వేషన్ టికెట్: ఫోన్‌లో ఎంత ఎక్కువ పడుతుంది?

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కౌంటర్‌లో లేని కన్వీనియన్స్ ఫీజు ఫోన్‌లో ఉంటుంది. 18 శాతం జీఎస్టీతో కలిపి అది ఇలా ఉంటుంది:

- యూపీఐతో కడితే స్లీపర్, సెకండ్ సిట్టింగ్‌కు 11.80 రూపాయలు, ఏసీకి 23.60 రూపాయలు.
- కార్డు, నెట్ బ్యాంకింగ్ లాంటి ఇతర పద్ధతుల్లో కడితే నాన్ ఏసీకి 17.70, ఏసీకి 35.40 రూపాయలు.
- క్రెడిట్ కార్డుకు దీనిపైన బ్యాంకు గేట్‌వే చార్జీ వేరే పడొచ్చు.

ఈ ఫీజు టికెట్‌కు ఒకసారే, మనిషికి కాదు. ఒక టికెట్‌లో ఆరుగురి వరకు వేయొచ్చు, తత్కాల్‌లో అయితే నలుగురు. నలుగురున్న కుటుంబం స్లీపర్‌లో ఒకే టికెట్ తీసుకుని యూపీఐతో కడితే ఫీజు 11.80. నలుగురికీ విడివిడిగా తీస్తే 47.20. అదే కార్డుతో విడివిడిగా అయితే 70.80. తర్వాత ఒకరు ప్రయాణం మానుకున్నా కంగారు లేదు, ఒకే టికెట్‌లోంచి ఆ ఒక్కరినే రద్దు చేయొచ్చు. కాబట్టి ఆ భయంతో విడగొట్టక్కర్లేదు.

టౌన్‌లో అధీకృత ఏజెంట్ దగ్గర తీయిస్తే కన్వీనియన్స్ ఫీజుకు తోడు ఏజెంట్ సర్వీస్ చార్జీ పడుతుంది. అది టికెట్‌కు నాన్ ఏసీకి 20, ఏసీకి 40 రూపాయలు, పన్ను అదనం. మనిషికి వంద, రెండొందలు అడిగితే ఇవ్వకండి. అధీకృత ఏజెంట్ ఇచ్చే ప్రింట్ మీద ఆ ఏజెన్సీ పేరు ఉంటుంది, అడిగి చూడండి. సొంత ఐడీలతో టికెట్లు తీసి లాభానికి అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం. అలాంటి టికెట్ రద్దయితే ప్లాట్‌ఫామ్ మీద మిగిలిపోయేది మీరే.

ప్రైవేటు ట్రావెల్ యాప్‌లలో కొనేవాళ్లు డబ్బు కట్టే పేజీని పైనుంచి కింద దాకా చదవాలి. బేస్ ఫేర్, కన్వీనియన్స్ ఫీజు, వాళ్ల సర్వీస్ ఫీజు, "ఉచిత క్యాన్సిలేషన్" పేరుతో ముందే టిక్ పెట్టిన ఇంకో మొత్తం, ఇలా నాలుగైదు వరసలు కనిపిస్తాయి. ఆ టిక్ తీసేసి మళ్లీ మొత్తం చూడండి.

ఐఆర్‌సీటీసీ ప్రయాణ బీమా మాత్రం తీసేయకండి. మనిషికి 45 పైసలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయల వరకు వస్తుంది. కౌంటర్ టికెట్‌కు ఈ బీమా లేదు. 2023 అక్టోబరు 29 రాత్రి మన కంటకాపల్లి, అలమండ మధ్య రెండు రైళ్లు ఢీకొన్న సంగతి ఈ జిల్లాలో ఎవరూ మర్చిపోరు. 45 పైసల దగ్గర పొదుపు వద్దు. బీమా తీసుకున్నాక ఎస్ఎంఎస్‌లో వచ్చే లింకులో నామినీ పేరు నింపితేనే ఆ పని పూర్తయినట్టు.

## 5. కౌంటర్‌కు వెళ్లే ఖర్చు కూడా కలపండి

కౌంటర్‌లో కన్వీనియన్స్ ఫీజు లేదు, నిజమే. కానీ శ్రీకాకుళం టౌన్‌లో ఉన్న మనిషి 11.80 మిగుల్చుకోవడానికి పనిగట్టుకుని ఆమదాలవలస వెళ్లొస్తే బస్సు చార్జీకే అంతకంటే ఎక్కువ అవుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కాబట్టి ఇంట్లో ఆడవాళ్లు వెళ్తే ఆ ఖర్చు ఉండదు. వాళ్ల సమయానికీ విలువ ఉంది, అది కూడా లెక్కలో వేయండి.

స్టేషన్ ఊళ్లోనే ఉన్న విజయనగరం వాళ్లకు, ఎలాగూ స్టేషన్ మీదుగా రోజూ వెళ్లేవాళ్లకు కౌంటర్ నిజంగానే చవక. ఏసీ టికెట్ కార్డుతో కొనాల్సిన పరిస్థితి అయితే 35.40 మిగులుతుంది.

## 6. రద్దు చేసుకోవాల్సి వస్తే తేడా ఎక్కడొస్తుంది?

కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఆలోచించరు. పది రూపాయలు మిగిలిందనుకున్న చోట వందలు పోయేది ఇక్కడే.

వెయిటింగ్ లిస్టు. ఫోన్ టికెట్‌లో ఉన్నవాళ్లందరూ చార్ట్ (రైలు బయల్దేరేముందు వేసే బెర్తుల జాబితా) తర్వాత కూడా వెయిటింగ్‌లోనే ఉంటే టికెట్ దానంతటదే రద్దయి, మనిషికి 60 రూపాయల క్లర్కేజీ (రద్దు రుసుము) పోను మిగతాది ఖాతాలో పడుతుంది. కౌంటర్ టికెట్ దానంతటది రద్దు కాదు. రైలు బయల్దేరడానికి 30 నిమిషాల ముందులోగా మీరే రద్దు చేయించాలి. ఆ గడువు దాటితే మొత్తం పోతుంది.

కౌంటర్ టికెట్‌ను ఇంటి నుంచి రద్దు చేయడం. ఐఆర్‌సీటీసీ సైట్‌లో గానీ, రైల్వే హెల్ప్‌లైన్ 139 ద్వారా గానీ చేయొచ్చు. టికెట్ తీసినప్పుడు మీ మొబైల్ నంబర్ ఇచ్చి ఉండాలి. డబ్బు కోసం మాత్రం అసలు టికెట్ పట్టుకుని కౌంటర్‌కు వెళ్లాల్సిందే.

పోగొట్టుకుంటే. ఫోన్ టికెట్ ఎన్నిసార్లయినా తెరవొచ్చు. కన్ఫర్మ్ అయిన కౌంటర్ టికెట్ పోతే చార్ట్‌కు ముందు డూప్లికేట్‌కు స్లీపర్, సెకండ్ క్లాస్‌లో 50 రూపాయలు, మిగతా క్లాసుల్లో 100 రూపాయలు. చార్ట్ తర్వాత అయితే చార్జీలో సగం. అందుకే కాగితం టికెట్ చేతికి రాగానే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఫొటోతో ప్రయాణం చేయలేరు గానీ, డూప్లికేట్ అడిగేటప్పుడు పీఎన్ఆర్ చేతిలో ఉంటుంది.

కన్వీనియన్స్ ఫీజు ఎప్పుడు రద్దు చేసినా తిరిగిరాదు.

జనరల్ పేపర్‌లెస్ టికెట్ రద్దు కాదు. వెళ్తామో లేదో అనుమానంగా ఉన్న రోజున స్టేషన్‌కు చేరువయ్యాకే కొనండి.

## 7. అమ్మానాన్నలకు టికెట్ దూరం నుంచి తీస్తున్నారా?

మన జిల్లాల పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు, పెద్దవాళ్లు ఊళ్లో ఉంటారు. ఇక్కడ ఒక సంగతి తప్పక తెలియాలి. జనరల్ పేపర్‌లెస్ టికెట్ ఏ ఫోన్‌లో కొన్నారో ఆ ఫోన్‌లోనే చెల్లుతుంది. కొడుకు హైదరాబాద్‌లో కొని వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపితే, అమ్మ దాన్ని చూపిస్తే టికెట్ లేనట్టే లెక్క. చార్జీతో పాటు కనీసం 250 రూపాయలు జరిమానా. పెద్దావిడ టీటీఈ ముందు ఆ మాట పడాల్సిన అవసరం లేదు. ఆవిడ చేతికి కౌంటర్ టికెట్టే ఇప్పించండి.

రిజర్వేషన్ టికెట్ అయితే దూరం నుంచి తీయొచ్చు. అమ్మ ఫోన్‌కు ఎస్ఎంఎస్ వెళ్లేలా ఆవిడ నంబరే ఇవ్వండి. టికెట్‌లో పేరున్నవాళ్లలో ఒకరి దగ్గరైనా ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉండాలి. కోచ్, బెర్త్ నంబర్లు ఒక చీటీ మీద పెద్ద అక్షరాల్లో రాయించి పర్సులో పెట్టించండి.

## 8. సీజన్ టికెట్ వాళ్లకు

నెలవారీ సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు. రోజూ తిరిగేవాళ్లు 3 శాతం గురించి ఆలోచించేముందు సీజన్ టికెట్ గురించి ఆలోచించాలి, పొదుపంతా అందులోనే ఉంది. గుర్తింపు కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకోండి. మామూలు సీజన్ టికెట్‌తో సూపర్‌ఫాస్ట్ ఎక్కకూడదు, దానికి అదనపు చార్జీ కట్టిన సీజన్ టికెట్ వేరే ఉంటుంది.

## 9. చెన్నై, ఢిల్లీ మెట్రో ఎక్కేటప్పుడు

రైలు దిగి మెట్రో ఎక్కేవాళ్లకు అక్కడి లెక్క వేరు. చెన్నై మెట్రోలో కార్డు, మొబైల్ క్యూఆర్ టికెట్లకు 20 శాతం రాయితీ ఉంది. ఢిల్లీ మెట్రోలో స్మార్ట్‌కార్డుకు 10 శాతం తగ్గుతుంది. అక్కడ కౌంటర్‌లో కాగితం టికెట్ తీసుకుంటే నష్టమే. నాలుగు రోజులు ఉండేవాళ్లు ముందు కార్డు సంగతి చూసుకోవడం మంచిది.

## 10. తరచూ వచ్చే చిక్కులు, సరిచేసే దారులు

డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. వెంటనే రెండోసారి కట్టకండి. ముందు యాప్‌లో మై బుకింగ్స్ చూడండి, ఒక్కోసారి టికెట్ అక్కడ వచ్చి ఉంటుంది. రాకపోతే రైలు సమయాన్ని బట్టి కౌంటర్‌కు వెళ్లండి. కట్ అయిన సొమ్ము కట్టిన ఖాతాకే తిరిగొస్తుంది. బ్యాంకు మెసేజ్‌ను మాత్రం డిలీట్ చేయకండి.

రైల్లో నెట్ లేదు. షో టికెట్ నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. రైలెక్కకముందే ఒకసారి తెరిచి చూసుకుంటే అనుమానం ఉండదు.

చార్జింగ్ అయిపోయింది. జనరల్ పేపర్‌లెస్ టికెట్‌కు ఇది పెద్ద చిక్కే. ఫోన్ చూపించలేకపోతే టికెట్ లేనట్టే. బ్యాటరీ తక్కువగా ఉన్న రోజున 90 పైసలు చూసుకోకుండా కౌంటర్ టికెట్ తీసుకోండి.

యాప్ తీసేశారు, లేదా ఫోన్ మార్చారు. ప్రయాణం పూర్తయ్యే వరకు ఈ రెండూ చేయకండి.

డబ్బు కట్టే బటన్ నొక్కేముందు చూసుకోవాల్సినవి:

- తేదీ, ఎక్కే స్టేషన్. శ్రీకాకుళం టౌన్‌లో రైల్వే స్టేషన్ లేదు, రైలు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్‌లోనే ఆగుతుంది.
- రైలు రకం, రైలు నంబర్.
- అందరూ ఒకే టికెట్‌లో ఉన్నారా?
- రిజర్వేషన్ అయితే యూపీఐ ఎంచుకున్నారా?
- 45 పైసల బీమా టిక్ ఉందా, అక్కర్లేని వేరే టిక్‌లు తీసేశారా?
- జనరల్ అయితే ప్రయాణం చేసేవాళ్ల ఫోన్‌లోనే కొంటున్నారా?